916కి ఎన్ని రంగులో!

శ్రావణమాసంలో ఏ నగల దుకాణంలో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. "ఏం నాయనా, ఈ గాజులు మరీ ఎర్రగా ఉన్నాయి, రాగి ఎక్కువ కలిపారా?" అని అడుగుతుంది ఓ పెద్దావిడ. "లేదమ్మా, అదీ నైన్ వన్ సిక్సే, ఇదీ నైన్ వన్ సిక్సే. కావాలంటే ముద్ర చూసుకోండి" అంటాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. ఆవిడ ముద్ర చూడదు. గాజును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి, పచ్చగా మెరిసే రెండో జత వైపు చెయ్యి చాపుతుంది.

కుర్రాడు చెప్పింది నిజమే కావచ్చు. ఎర్రగా కనిపించే జతలోనూ, పచ్చగా కనిపించే జతలోనూ వెయ్యికి 916 పాళ్లు బంగారమే ఉండొచ్చు. తేడా అంతా మిగిలిన 84 పాళ్లలో ఉంటుంది. ఈ 84 పాళ్ల సంగతి తెలుసుకోవడం మన ఇళ్లకు చాలా అవసరం. పొలం మగవాళ్ల పేరున, ఇల్లు మగవాళ్ల పేరున ఉండే కుటుంబాల్లో ఆడదానికి తనదని చెప్పుకోవడానికి మిగిలేది తరచూ ఒంటిమీది బంగారమే. ఆ ఆస్తికి కంటిచూపుతో విలువ కట్టుకుని, అమ్మబోయిన రోజున ఆమె నష్టపోకూడదు.

క్యారెట్ల లెక్క సులువు. మొత్తాన్ని 24 పాళ్లుగా తీసుకుంటే అందులో బంగారం ఎన్ని పాళ్లో అన్ని క్యారెట్లు. 22ను 24తో భాగిస్తే వెయ్యికి 916. పద్దెనిమిది క్యారెట్లంటే 750, పధ్నాలుగంటే 585. మన దేశంలో హాల్‌మార్క్ వేసే రకాల్లోకి 2025 జూలైలో తొమ్మిది క్యారెట్లు, అంటే 375, కూడా చేరింది. అమెరికాలో ఉన్న కొడుకూ కోడలూ అక్కడ కొన్న 14 క్యారెట్ల గొలుసు తెస్తే ఇక్కడ పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. అక్కడ అది రోజువారీ సరుకు, పది క్యారెట్లది కూడా బంగారం పేరుతోనే అమ్ముడవుతుంది. దానిమీద ఎంతని రాసి ఉందో అంతే ఉంటే అందులో మోసమేమీ లేదు.

అసలు వేరే లోహం కలపడం ఎందుకు? మేలిమి బంగారం అంత మెత్తన కాబట్టి. ఒక్క గ్రామును రేకుగా సాగగొడితే దాదాపు చదరపు మీటరు పరుచుకుంటుంది. అంత మెత్తని లోహంతో గాజు చేయిస్తే అంట్లు తోమేసరికి సొట్టలు పడుతుంది, ఉంగరం చేయిస్తే రాయి ఊడిపోతుంది. రాగి, వెండి కాస్త కలిస్తే గట్టిపడుతుంది. గట్టితనంతో పాటు రంగూ మారుతుంది.

84 పాళ్లూ రాగే అయితే నగ ఎర్రని ఛాయ తేలుతుంది. అన్నీ వెండి అయితే లేత పసుపులో సన్నని ఆకుపచ్చ జీర కనిపిస్తుంది. రెండూ సమంగా కలిస్తే మనకు అలవాటైన నిండు పసుపు వస్తుంది. దీనికి చక్కని ఉదాహరణ మనం కాసు లెక్కకు కొలతగా పెట్టుకున్న బ్రిటిష్ సవరనే. దాని బరువు 7.988 గ్రాములు, అందుకే మన కాసు ఎనిమిది గ్రాములయింది. అది 22 క్యారెట్లది. లండన్‌లో పోసిన సవరన్లలో కలిపింది రాగి కాబట్టి అవి ఎర్రగా ఉంటాయి. 1850ల్లో సిడ్నీ టంకశాల పోసిన తొలి సవరన్లలో వెండి కలిపారు, అవి వెలిసినట్టు పసుపుగా ఉంటాయి. బరువు అదే, క్యారెట్లు అవే, రంగు మాత్రం వేరు.

నూటికి ఎనిమిది పాళ్ల రాగి ఇంత మార్పు ఎలా తెస్తుందన్న అనుమానం సహజం. తూకం మానేసి పరమాణువులను లెక్కపెడితే జవాబు దొరుకుతుంది. బంగారు పరమాణువు రాగి పరమాణువు కన్నా మూడు రెట్లకు పైగా బరువు. కాబట్టి రాగి ఒక్కటే కలిసిన 22 క్యారెట్ల నగలో బరువు లెక్కన రాగి 8.4 శాతమే అయినా, పరమాణువుల లెక్కన దాదాపు 22 శాతం. ప్రతి అయిదింటిలోనూ ఒకటి రాగిదన్నమాట. రాగి మాత్రమే కలిసిన 18 క్యారెట్లలోనైతే బంగారు పరమాణువుల కన్నా రాగి పరమాణువులే కాస్త ఎక్కువ. ఇప్పుడు కుర్రకారు ఇష్టపడుతున్న రోజ్ గోల్డ్ గులాబీ రంగు వెనక ఉన్నది ఇదే. సాధారణంగా అందులో 75 పాళ్లు బంగారం, 22 పాళ్ల పైచిలుకు రాగి, మిగతాది వెండి.

బంగారం పసుపుగా ఉండటమే ఒక విచిత్రం. లోహాలన్నీ దాదాపు తెల్లగానో బూడిద రంగులోనో ఉంటాయి. బంగారు పరమాణువు నడిమధ్య 79 ప్రోటాన్లు ఉన్నాయి. వాటి లాగుడుకు లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి పరుగెడతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం పనిచేయడం మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్ల కక్ష్యలు కొంత కుంచించుకుపోయి, బంగారం నీలి కాంతిని మింగేసి మిగతాది తిప్పికొడుతుంది. నీలం పోయిన తెల్లటి వెలుగు మన కంటికి పసుపు. ఆ ప్రభావమే లేకపోతే పెళ్లికూతురి మెడలో హారం వెండి హారంలాగే ఉండేది.

ఇక కంసాలి పనిలోకి వద్దాం. నగ తయారీ ముగిసే సమయానికి దాన్ని చూస్తే బంగారమని నమ్మబుద్ధి కాదు. అతుకు పెట్టేటప్పుడు మంట తగిలి, పైపైన ఉన్న రాగి గాలితో కలిసి నల్లబడుతుంది. పాతకాలపు కంసాలి దాన్ని ముందు చింతపండు పులుసులోనో, నీళ్లు కలిపిన ఆమ్లంలోనో వేసి ఆ నలుపు వదిలించేవాడు. తర్వాత ఉప్పు, పటిక, సురేకారం కలిపిన నీళ్లలో మరిగించేవాడు. ఆ మూడూ మరిగితే ఒంటరిగా ఏ ఆమ్లమూ చేయలేని పని చేస్తాయి. నగ పైపొరలోని రాగిని, కాస్త వెండిని కొరికి బయటికి లాగుతాయి. పైన మిగిలేది మేలిమికి దగ్గరగా ఉండే పలచని పొర. అది మొదట మొద్దుగా, పొడిపొడిగా కనిపిస్తుంది. కుంకుడు రసంలో బ్రష్షుతో తోమి, నున్నని రాతితోనో ఉక్కు కడ్డీతోనో రుద్దితే దగదగలాడుతుంది. కొలంబియా ప్రాంతపు పూర్వీకులు కూడా రాగి ఎక్కువ కలిసిన తుంబాగా అనే మిశ్రమానికి ఇలాగే పైపొర రాగిని తీసేసి బంగారు వన్నె తెచ్చేవారు.

అంటే కొత్త నగ మీద మనం చూసి మురిసిపోయే రంగు నగ లోపలిది కాదు. ఆ పొర కొన్నేళ్ల వాడకంలో ఒరుసుకుపోతుంది. అప్పుడు లోపలి మిశ్రమం బయటపడి, కొన్నప్పుడు పచ్చగా ఉన్న గొలుసు ఎర్రబారినట్టు ఉంటుంది. "ఇచ్చినప్పుడు ఒకలా ఉంది, ఇప్పుడిలా అయింది, కల్తీ" అని కంసాలితో గొడవపడిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. కల్తీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రంగు మారినంత మాత్రాన తేలదు. ఈ నింద మోసిన నిజాయితీపరులైన కంసాలులు తక్కువమంది కాదని నా గట్టి నమ్మకం.

వాళ్ల మీద పడిన ఇంకో భారం గురించి కూడా చెప్పాలి. అతుకు వేసే లోహం నగకన్నా ముందే కరగాలి. లేకపోతే అతుకుతో పాటు నగా కరిగిపోతుంది. అందుకని పూర్వం అతుకులో రాగి, వెండి ఎక్కువగా వాడేవారు. దాంతో అతుకులు ఎక్కువున్న నగ కరిగిస్తే మొత్తం మీద క్యారెట్ పడిపోయేది. తర్వాత కాడ్మియం వచ్చింది. 92 పాళ్ల బంగారానికి ఎనిమిది పాళ్లు కాడ్మియం కలిపితే అతుకు తొందరగా కరుగుతుంది, బంగారం శాతమూ తగ్గదు. కేడీఎం అని ఇప్పటికీ బోర్డుల మీద కనిపించేది ఇదే. అది స్వచ్ఛతకు గుర్తని చాలామంది అనుకుంటారు. అది అతుకు పేరు మాత్రమే. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరిగితే కాడ్మియం 767 దగ్గరే ఆవిరైపోతుంది. కిటికీ లేని చిన్న గదిలో కుంపటి ముందు వంగి కూర్చున్న మనిషి ఆ ఆవిరిని నేరుగా పీల్చాడు. కాడ్మియం ఊపిరితిత్తులను, మూత్రపిండాలను పాడుచేస్తుంది. హాల్‌మార్క్ నగల్లో ఇప్పుడు దానికి చోటు లేదు, జింకు, ఇండియం లాంటివి వాడుతున్నారు. కేడీఎం అనే మాటను గొప్పగా రాసుకునే బోర్డులు ఇకనైనా దిగిపోవాలి.

రంగు చెప్పనిది ఎవరు చెప్పాలి? వేల ఏళ్లుగా మనవాళ్లు నమ్మింది గీటురాయిని. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బంగారం అధికారి విధుల గురించి వివరంగా ఉంది. పెసర రంగులో ఉండే కళింగ దేశపు రాయి గీటు చూడటానికి శ్రేష్ఠమని అందులో చెప్పారు. స్వచ్ఛతను పదహారు వన్నెలుగా విభజించడమూ అక్కడ కనిపిస్తుంది. నగను రాతిమీద గీసి, పక్కనే తెలిసిన వన్నె పుల్లతో ఇంకో గీత గీసి, రెండింటి రంగూ పోలుస్తారు. తర్వాత ఆమ్లపు చుక్క వేస్తే తక్కువరకం గీత చెదిరిపోతుంది. అనుభవమున్న కన్ను చాలావరకు సరిగ్గానే చెబుతుంది. కాకపోతే మెరుగు పెట్టిన పైపొరను గీస్తే రాయి కూడా మోసపోతుంది. అందుకే జాగ్రత్తపరుడు ముందు ఆకురాయితో కాస్త అరగదీసి, లోపలి లోహాన్ని గీస్తాడు. ఇప్పటి దుకాణాల్లోని క్యారెట్ మీటర్‌కూ ఇదే బలహీనత. అది ఎక్స్‌కిరణాలతో చూసేది పైనున్న కొద్ది మైక్రాన్ల మందం వరకే. ముసుగు వేసిన నగను అది కూడా మంచిదనేస్తుంది.

తిరుగులేని పరీక్ష నిప్పుది. హాల్‌మార్కింగ్ కేంద్రంలో నగ నుంచి గ్రాములో నాలుగో వంతు వరకు గీకి తీసి, అతి సూక్ష్మమైన త్రాసులో తూస్తారు. దానికి రెండు మూడు రెట్ల వెండి చేర్చి, సీసపు రేకులో పొట్లం కట్టి, మెగ్నీషియాతోనో ఎముకల బూడిదతోనో చేసిన చిన్న గిన్నెలో పెట్టి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోకి తోస్తారు. సీసం కరిగి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, నగలోని రాగిని కూడా వెంటబెట్టుకుని గిన్నె గోడల్లోకి ఇంకిపోతుంది. గిన్నెలో బంగారం, వెండి కలిసిన చిన్న గోళీ మిగులుతుంది. దాన్ని సాగగొట్టి రేకు చేసి, చుట్టగా చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తారు. వెండి కరిగిపోతుంది.

ఇక్కడే చూడవలసిన వింత ఉంది. ఆమ్లంలోంచి పైకి తీసిన చుట్ట దాదాపు వందకు వంద బంగారం. కానీ అది పసుపుగా ఉండదు, మురికి గోధుమరంగులో, ముట్టుకుంటే పొడిగా రాలేలా ఉంటుంది. వెండి ఖాళీ చేసిన చోట్ల అంతా సన్నని రంధ్రాలు కాబట్టి వెలుగు అందులో చిక్కుకుపోతుంది. దాన్ని ఎర్రగా కాలిస్తే రంధ్రాలు మూసుకుని, పసుపు తిరిగి వస్తుంది. ఆ చుట్ట బరువును మొదటి బరువుతో భాగిస్తే వచ్చే అంకె నగ స్వచ్ఛత. నూరు శాతం బంగారానికే ఒక్క గంటలో రెండు రంగులు కనిపిస్తే, కంటిని నమ్ముకుని ఆస్తి కొనడం ఎంత ప్రమాదమో చూడండి.

ఇంట్లో వాడే నగ రంగు మారడానికి కారణాలు చాలావరకు మామూలువే. మేలిమికి తుప్పు లేదు, చిలుము లేదు. నల్లబడేది దానిలో కలిసిన రాగి, వెండి. గాలిలోని గంధకపు వాయువులు, గంధకం కలిసిన సబ్బులు, చర్మానికి పూసే మందులు వాటిని నల్లబరుస్తాయి. చెమటలోని ఉప్పు రాగిని కొరికితే వేలికి పచ్చని చార పడుతుంది. పుస్తెల మీద పేరుకునే పసుపు, పౌడరు, నూనె లోహాన్ని ఏమీ చేయవు, మెరుపును కప్పేస్తాయంతే. కొందరికి మెడ మీద నల్లని గీత పడుతుంది. "నా ఒంటికి బంగారం పడదు" అని వాళ్లు దిగులు పడతారు. ముఖానికి రాసే పౌడర్లలో ఉండే జింక్ ఆక్సైడు, టైటానియం ఆక్సైడు రేణువులు నగను రాపిడి చేసినప్పుడు రాలే అతి సన్నని లోహపు పొడి నల్లగానే కనిపిస్తుంది. పౌడరు తుడుచుకున్నాక నగ పెట్టుకుంటే సరిపోతుంది.

భయపడవలసిన రంగు మార్పు ఒకటుంది, తెలుపు. పగిలిన థర్మామీటరులోని పాదరసం బొట్టు ఉంగరానికి తగిలితే, కలిపిన లోహంతో సంబంధం లేకుండా బంగారమే పాదరసంతో కలిసి తెల్లబడుతుంది. ఒంటి రంగు తేటపరుస్తాయని చెప్పి అమ్మే కొన్ని అక్రమ క్రీముల్లో పాదరసం ఉంటుంది. బంగారు, వెండి నగలకు తగలనివ్వవద్దని డబ్బా మీద హెచ్చరిక ఉంటే ఆ క్రీము పారేయండి. అది నగకన్నా ముందు మీ మూత్రపిండాలను పాడుచేస్తుంది. తెల్లబడిన నగను గ్యాస్ మంట మీద కాల్చవద్దు, ఆ పొగ విషం.

కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం లేదా తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. బ్లీచింగ్ జోలికి వెళ్లకండి, ముఖ్యంగా 14, 18 క్యారెట్ల నగలకు క్లోరిన్ చేటు. ముత్యాలు, పగడాలు, లక్క నింపిన గుండ్లు ఉన్న నగలను వేడినీళ్లలో ముంచకూడదు. వీధిలోకి వచ్చి "మెరుగు పెడతామమ్మా" అనేవాళ్లకు నగ ఇవ్వకండి. వాళ్ల గిన్నెలోది ద్రవరాజం అయితే, మెరుపుతో పాటు మీ బంగారం అందులో కరిగి మిగిలిపోతుంది. నగ ఆకారం చెక్కుచెదరదు, తూచి చూస్తే గానీ తెలియదు.

తెల్లబంగారం కొనేవారికి ఓ మాట. పల్లాడియమో, నికెలో కలిపి చేసే ఆ 18 క్యారెట్ల మిశ్రమం నిజానికి పూర్తి తెలుపు కాదు, కాస్త పసుపు జీర ఉంటుంది. పైన రోడియం పూత పూస్తారు. రోజూ పెట్టుకునే ఉంగరం మీద ఆ పూత ఒకటి రెండేళ్లలో అరుగుతుంది. పసుపు బయటపడగానే మోసమని అనుకోనక్కర్లేదు, మళ్లీ పూత వేయించుకోవాలి. 22 క్యారెట్లలో తెల్లబంగారం అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. బంగారం పసుపును చంపాలంటే 84 పాళ్ల చోటు చాలదు.

మచిలీపట్నం పక్కన చిలకలపూడి పనివాళ్లను ఈ సందర్భంలో తలచుకోవాలి. రాగి మీద పలచని బంగారు పూతతో వాళ్లు తీసే పనితనం పెళ్లి పందిట్లో అసలు నగల పక్కన పెట్టినా తేలిపోదు. వాళ్లు దాన్ని రోల్డ్‌గోల్డ్ అనే అమ్ముతారు, ఆ ధరకే అమ్ముతారు. రంగు ఎంత తేలిగ్గా తెప్పించవచ్చో అంత నిజాయితీగా చూపించే ఊరు అది.

దుకాణంలో మన బేరం ఎలా సాగుతుందో గమనించండి. తరుగు దగ్గర పట్టుబడతాం, మజూరీ దగ్గర అలుగుతాం. నలభై గ్రాముల గాజుల మీద ఒక శాతం తరుగు తగ్గిస్తే మిగిలేది 0.4 గ్రాము. అవే గాజులు 916 అని చెప్పి 833వి, అంటే ఇరవై క్యారెట్లవి అంటగడితే పోయేది 3.32 గ్రాముల మేలిమి. ఇది తొమ్మిది శాతం తరుగుతో సమానం. అయినా ముద్రలోని ఆ అంకె గురించి అడిగేవాళ్లు తక్కువ. పాత నగ మార్చుకోబోయిన రోజున, ముప్పై ఏళ్ల తర్వాత, కరిగించిన ముద్ద ముందు నిలబడి తెలుసుకుంటారు.

ఇప్పుడు అడగడానికి ఆధారం ఉంది. 2021 జూన్ నుంచి దేశంలోని 256 జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, తర్వాత మరిన్ని జిల్లాలకు విస్తరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంకేతం, అంటే హెచ్‌యూఐడీ, లేని హాల్‌మార్క్ నగను దుకాణాలు అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుండాలి. భారతీయ ప్రమాణాల బ్యూరో (బీఐఎస్) త్రికోణపు ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, హెచ్‌యూఐడీ. కంటికి ఆనకపోతే భూతద్దం అడగండి, పది రెట్లు పెద్దది చేసి చూపే అద్దం దుకాణంలో ఉంచాలన్నది నిబంధన. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరు అక్షరాంకెలూ కొడితే నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం వివరాలు వస్తాయి. చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే ఆగిపోండి. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనికి మినహాయింపు ఉంది. ఇంట్లోని పాత నగలకు ముద్ర లేకపోయినా అమ్ముకోవచ్చు, నిబంధన దుకాణదారుకే.

నగ కొన్నాక అనుమానం వస్తే గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రానికి మనమే వెళ్లొచ్చు. నాలుగు నగల వరకు పరీక్ష రుసుము 200 రూపాయలు. ముద్రలో ఉన్నదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన బంగారం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చులు దుకాణదారు ఇవ్వాలని బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. అది రాబట్టుకోవాలంటే చేతిలో అసలు బిల్లు ఉండాలి. అందులో నగ వివరం, నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాసి ఉండాలి. జీఎస్టీ మిగులుతుందని కచ్చా చిట్టీతో సరిపెట్టుకుంటే, ఆ చిట్టీ తనదని రేపు ఏ దుకాణమూ ఒప్పుకోదు.